పని అక్కది, పేరు తమ్ముడిది

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఊరు తప్ప మరే వివరమూ బయటికి రాకూడదన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివారు. పెళ్లయ్యాక పాప పుట్టడంతో 5 ఏళ్లు ఇంటి పట్టునే ఉండిపోయారు. పాప ఎల్‌కేజీలో చేరాక ఆన్‌లైన్‌లో పైథాన్ నేర్చుకుని, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నారు. 6 నెలల ప్రొబేషన్‌లో 4 నెలలు గడిచాయి. పొద్దున్నే గుంటూరులో రైలెక్కి వెళ్లి, చీకటి పడ్డాక దిగుతారు. పాపను అత్తయ్యగారు చూసుకుంటారు.

కోడ్ రాయడం వచ్చు, గిట్ (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) రాదు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి. చేరిన రెండో వారంలో పుష్ చేయబోతే, అంటే తన కోడ్‌ను సర్వర్‌కు పంపబోతే, అది తీసుకోలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే ‘ఫోర్స్’ అని చేర్చి కొట్టమని ఎవరో రాశారు. కొట్టారు, వెళ్లిపోయింది. కాసేపటికి పక్క సీటు కుర్రాడు రెండు రోజులు చేసిన పని సర్వర్ మీద కనబడట్లేదని గొడవ. అతనే తన లాప్‌టాప్‌లోంచి మళ్లీ ఎక్కించి గంటలో సర్దేశాడు. పల్లెత్తు మాట అనలేదు. “అక్కా, మీరు పుష్ జోలికి వెళ్లకండి. జిప్ చేసి నాకు వాట్సాప్‌లో పెట్టండి, నేను ఎక్కిస్తా” అన్నాడు. అప్పటి నుంచీ అదే పద్ధతి. ఆమె లాప్‌టాప్ నిండా ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అనే ఫోల్డర్లే.

తర్వాత, ప్రాజెక్టును ఎలా రన్ చేయాలో రీడ్‌మీ రాయమన్నారు. వర్డ్‌లో శుభ్రంగా రాసి, కాపీ చేసి అతికించారు. తెర మీద మెట్లన్నీ ఒకే పేరాగా కలిసిపోయాయి, ఒక ఫైలు పేరులో అండర్‌స్కోర్లు మాయమయ్యాయి. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు గ్రూపులో నవ్వుతున్న బొమ్మతో పెట్టారు.

గిట్‌లో దాచుకునే ఒక్కో మార్పును కమిట్ అంటారు, దాని మీద చేసినవారి పేరుంటుంది. గత వారం టీమ్ లీడ్ పిలిచి అడిగాడట: “మేడమ్, హిస్టరీలో మీ పేరు మీద మూడంటే మూడు కమిట్లు ఉన్నాయి. నాలుగు నెలలుగా మీరేం చేశారో నాకు కనబడట్లేదు. కన్ఫర్మేషన్‌కి ఏం రాయమంటారు?” ఆమెకు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి చెబితే, “ఎవరు ఎక్కిస్తే ఏంటి, జీతం పడుతోందిగా” అన్నారట వాళ్లాయన.

ఇప్పుడు ఆమె ప్రశ్నలు ఇవి. 18,000 రూపాయలు కట్టి రెండు నెలల కోర్సులో చేరాలా? లీడ్‌తో నిజం చెప్పేయాలా? చెబితే తమ్ముడిలాంటి ఆ కుర్రాడికి మాట వస్తుందేమో. లేక వాళ్లు పొమ్మనేలోపు తనే మానేయాలా?

*

మీ ఉత్తరంలో గిట్ గురించి మూడు పేజీలుంది. మిమ్మల్ని నిజంగా ఇబ్బందుల్లో పెట్టిన విషయం మాత్రం ఒక్క వాక్యంలో వచ్చిపోయింది. నాలుగు నెలల మీ పని ఆఫీసు రికార్డులో వేరే మనిషి పేరు మీద ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. గిట్ నేర్చుకోవడం దాని తర్వాత వస్తుంది, మీరు అనుకుంటున్నంత పెద్ద పని కూడా కాదు.

మీవారికి ఈ మాట చెప్పండి. చిన్న ఆఫీసుల్లో ఎవరేం చేశారనేదానికి వేరే లెక్క పుస్తకం ఉండదు. కమిట్ హిస్టరీయే ఆ పుస్తకం. జీతం పెంచేటప్పుడూ, ప్రొబేషన్ తేల్చేటప్పుడూ, రేపు ఏదైనా చెడిపోతే ఈ లైను ఎవరు రాశారని అడిగేటప్పుడూ అందరూ తెరిచేది దాన్నే. మీ లీడ్ తెరిచాడు, మీరు కనబడలేదు. అతని ప్రశ్న మీకు కటువుగా వినబడి ఉండొచ్చు. నాకైతే అందులో అన్యాయం కనబడలేదు. నాలుగు నెలలు ఆగకుండా మొదటి నెలలోనే అడిగి ఉంటే బాగుండేది, అంతే.

గిట్‌కు ఈ సమస్య కొత్త కాదు. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాయడం మొదలుపెట్టింది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పని కోసం. అప్పటిదాకా వాళ్లు వాడుతున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోయింది, దాని స్థానంలో ఇంకొకటి కావాల్సి వచ్చింది. కెర్నల్‌కు మార్పులు పంపేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు. ఈమెయిల్‌లో పంపిస్తారు, ఇంకొకరు వాటిని సరిచూసి చేరుస్తారు. అంటే రాసేదొకరు, ఎక్కించేదొకరు. అందుకే ప్రతి కమిట్‌లోనూ రెండు పేర్లకు చోటుంది. రాసినవారు ఆథర్, చేర్చినవారు కమిటర్. మీ జిప్ విప్పి ఎక్కించేటప్పుడు ఆ కుర్రాడు కమిట్ ఆదేశానికి ‘ఆథర్’ ఆప్షన్ చేర్చి మీ పేరు, ఈమెయిల్ ఇచ్చి ఉంటే హిస్టరీలో పని మీదిగానే కనబడేది. అతనికి ఆ ఆప్షన్ ఉందని తెలియకపోయి ఉండొచ్చు. తెలిసినా తోచి ఉండకపోవచ్చు. అతని మీద అనుమానం పెట్టుకోవద్దు. మీ వల్ల మాయమైన తన రెండు రోజుల పనిని గంటలో సర్దుకుని, ఒక్క మాట అనని కుర్రాడు పేరు కోసం పని కొట్టేసే రకం అనుకోను. అయితే అతని మంచితనం వల్ల మీకు జరిగింది నష్టమే. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పడానికి రెండోదాన్ని దాచక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ఒక చిన్న పరీక్ష. ఆఫీసు లాప్‌టాప్ మీకంటే ముందు ఎవరైనా వాడారా? టెర్మినల్ తెరిచి ‘గిట్ కాన్ఫిగ్ యూజర్ డాట్ నేమ్’ అని కొట్టండి. తర్వాత ‘యూజర్ డాట్ ఈమెయిల్’ కూడా చూడండి. మానేసి వెళ్లిపోయిన మనిషి పేరు అందులో అలాగే ఉండిపోవడం మామూలుగా జరిగేదే. అలా ఉంటే మీరు స్వయంగా చేసిన కమిట్లు కూడా ఆ మనిషి ఖాతాలోకే వెళ్లిపోతాయి. ఈమెయిల్ కూడా గిట్‌హబ్ (గిట్ కోడ్‌ను ఇంటర్నెట్‌లో ఉంచుకునే సైటు) ఖాతాలో మీరు నమోదు చేసిందే అయ్యుండాలి. వేరేదైతే కమిట్ మీద పేరుంటుంది గానీ మీ ప్రొఫైల్‌కు లెక్క పడదు. సరిచేయడం నిమిషం పని. ఇవాళే చేయండి.

పాత కమిట్ల మీద పేరు మార్చుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. సాంకేతికంగా వీలుంది. కానీ వద్దు. ఒక కమిట్‌లో అక్షరం మారినా దాని గుర్తింపు సంఖ్య, ఆ 40 అంకెలూ అక్షరాల వరుస, మారిపోతుంది. దాని మీద కట్టిన కమిట్లన్నిటివీ మారతాయి. తర్వాత దాన్ని సర్వర్‌కు పంపాలంటే మళ్లీ అదే ఫోర్స్ పుష్. టీమ్‌లో ఉన్న ప్రతివారి కాపీ తేడా కొడుతుంది. పోయిన పేరు కోసం ఆ పని చేస్తే ఉన్న పేరు కూడా పోతుంది.

దానికి బదులు మీ దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. మీరు పంపిన ప్రతి జిప్ వాట్సాప్‌లో తేదీ, టైముతో సహా ఉంటుంది. అతను ఎక్కించిన కమిట్‌కూ తేదీ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చేయండి. జిప్ పంపిన తేదీ, అందులో ఏ పని ఉంది, ఏ కమిట్‌గా ఎక్కింది (గుర్తింపు సంఖ్యలో మొదటి ఏడు అక్షరాలు చాలు). ఆ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. “తమ్ముడూ, లీడ్‌గారు నా పని కనబడట్లేదంటున్నారు. నువ్వు ఎక్కించినవాటిలో నావి ఏవో ఇద్దరం కలిసి రాసుకుందాం” అంటే కాదంటాడా? అతనికి తెలియకుండా చేస్తే అది ఫిర్యాదు అవుతుంది. అతనితో కలిసి చేస్తే లెక్క సరిచూసుకోవడం అవుతుంది.

ఇక లీడ్‌తో చెప్పడం. ఇందులో మీకు మూడు దారులున్నాయి. ఏదీ పూర్తిగా సుఖమైనది కాదు.

రేపే వెళ్లి ఉన్నదంతా చెప్పేయడం మొదటిది. మనసు తేలికపడుతుంది. కానీ చేతిలో పట్టిక లేకుండా, గిట్ నేర్చుకోవడం మొదలుపెట్టకుండా వెళ్తే అతనికి వినబడేది “నాకు రాదు” అనే ఒక్క మాటే. ఇక రెండో దారి, ఏమీ చెప్పకుండా ఇకనుంచి మీ పేరుతో కమిట్లు చేసుకుంటూ పోవడం. రెండు నెలల్లో లెక్క కొంత సర్దుకుంటుంది గానీ, మొదటి నాలుగు నెలలు ఖాళీగానే ఉంటాయి. పైగా ఉన్నట్టుండి కమిట్లు పెరిగితే, అడిగాక పని మొదలుపెట్టారనుకుంటాడు. పట్టిక పూర్తి చేసుకుని, మీ చేత్తో కనీసం నాలుగైదు కమిట్లు వెళ్లాక, ఓ పది రోజుల్లో వెళ్లి మాట్లాడటం మూడోది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. కానీ పది రోజుల్లోపు అతను రిపోర్టు రాసేసేలా ఉంటే ఆగకండి, ఉన్న పట్టికతోనే వెళ్లండి. మాట కూడా పెద్దగా అక్కర్లేదు: “సర్, గిట్ కొత్త కావడంతో ఇప్పటిదాకా నా ఫైళ్లు వేరేవాళ్లు ఎక్కించారు. ఏవి నావో ఈ పేజీలో ఉన్నాయి, వాళ్లూ చూశారు. పోయిన వారం నుంచి నేనే ఎక్కిస్తున్నాను.” క్షమాపణలతో మొదలుపెట్టకండి. కళ్లనీళ్లతో అసలే వద్దు.

అతను చిరాకు పడొచ్చు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. భయపడ్డానని చెప్పండి, అబద్ధం కాదుగా.

ఆ భయం సంగతి కూడా కాస్త విప్పి చూద్దాం. ఆ రోజు జరిగింది ఇది. మీరు సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకున్నాక ఆ కుర్రాడు కొత్త కమిట్లు పుష్ చేశాడు. మీ కాపీలో అవి లేవు. అందుకే మీ పుష్‌ను సర్వర్ ఆపింది. ‘ముందు అవి తెచ్చుకో, తర్వాత నీవి పంపు’ అని దానర్థం. ‘గిట్ పుల్’తో అతని కమిట్లు తెచ్చి కలుపుకుని, మళ్లీ పుష్ చేసి ఉంటే సరిపోయేది. ఫోర్స్ అనేసరికి సర్వర్ మీద ఉన్న బ్రాంచ్ (కమిట్ల వరుస) చివరను తీసేసి మీ చివరను పెట్టింది. అతని కమిట్లు కనబడకుండా పోయాయి గానీ అతని లాప్‌టాప్‌లో భద్రంగా ఉన్నాయి. గిట్‌లో ప్రతి ఒక్కరి కాపీలోనూ అప్పటిదాకా ఉన్న హిస్టరీ మొత్తం ఉంటుంది. గంటలో సర్దుకోవడానికి కారణం అదే.

రెండో వారం ఉద్యోగి మెయిన్ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ చేయగలిగారంటే, ముందు ఆ తలుపుకు గడియ పెట్టనివాళ్లను అడగాలి. మెయిన్ బ్రాంచ్‌ను కాపాడే సెట్టింగులు ఉన్నదే ఇందుకు. ఈ మాట మీ లీడ్‌తో ఇప్పుడే అనకండి, కన్ఫర్మ్ అయ్యాక అనండి.

కమిట్ చేసిన పనిని పోగొట్టడం కష్టం. పొరపాటున వెనక్కి వెళ్లిపోయినా ‘గిట్ రెఫ్‌లాగ్’ అని కొడితే మీరు ఎక్కడెక్కడ ఉన్నారో వరుసగా చూపిస్తుంది. మామూలు సెట్టింగుల్లో ఈ జాడ కనీసం నెల రోజులుంటుంది, చాలావాటికి 90 రోజులు. నిజంగా పోయేది కమిట్ చేయని పనే. ‘రీసెట్’కు ‘హార్డ్’ చేర్చి కొట్టినా, మార్చిన ఫైలును ‘రీస్టోర్’ చేసినా, కమిట్ కాని మార్పులు తిరిగిరావు. కాబట్టి మీరు భయపడాల్సింది తరచూ కమిట్ చేయడానికి కాదు, సాయంత్రం దాకా చేయకుండా కూర్చోవడానికి. కమిట్‌కు ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మంగళగిరి దాటాక సిగ్నల్ పోయినా, సీటు దొరికి లాప్‌టాప్ తెరవగలిగితే రైల్లోనే చేయొచ్చు. పుష్‌కు మాత్రమే నెట్ కావాలి.

ఇక సాధన. ఆఫీసు కోడ్ మీద సాధన చేయొద్దు, అక్కడ ప్రతి తప్పుకూ పక్కన ప్రేక్షకులుంటారు. పాప నిద్రపోయాక అరగంట చాలు, మీ సొంత లాప్‌టాప్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ తెరవండి. గోంగూర పచ్చడి రాయండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

‘గిట్ ఇనిట్’ కొట్టండి. ఒక ఫైలు పెట్టండి, దాని పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. తెలుగులో పెడితే స్టేటస్‌లో పేరు బదులు అంకెల వరుస కనబడి కంగారు పెడుతుంది. లోపల మాత్రం హాయిగా తెలుగులో రాయండి, ఒక్కో దినుసు ఒక్కో లైనులో. గోంగూర 4 కట్టలు, ఎండుమిరపకాయలు 15, మెంతులు, ధనియాలు, వెల్లుల్లి, ఉప్పు, నూనె. ‘గిట్ స్టేటస్’ చూడండి, ఫైలు పేరు ఎర్రగా ఉంటుంది. ‘గిట్ యాడ్’ అనండి, మళ్లీ స్టేటస్ చూడండి, పచ్చబడుతుంది. ‘గిట్ కమిట్’కు హైఫన్ ఎం చేర్చి, కోట్స్‌లో ఒక ముక్క రాయండి: “మొదటి కొలతలు”. అయిపోయింది, మీ మొదటి కమిట్.

హైఫన్ ఎం మర్చిపోతే ఒక వింత తెర తెరుచుకుని, ఏం కొట్టినా బయటికి పోనివ్వదు. అది విమ్ అనే ఎడిటర్. చాలామంది అక్కడే లాప్‌టాప్ మూసేస్తారు. ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. బయటపడతారు, కమిట్ రద్దవుతుంది, అంతకుమించి ఏమీ కాదు. విండోస్‌లో లైను చివరల గురించి ఎల్‌ఎఫ్, సీఆర్‌ఎల్‌ఎఫ్ అంటూ ఒక హెచ్చరిక కూడా వస్తుంది. ఇప్పటికి దాన్ని వదిలేయండి.

ఇప్పుడు మిరపకాయలు 15ని 20 చేసి ‘గిట్ డిఫ్’ కొట్టండి. పాత లైను ముందు మైనస్, కొత్త లైను ముందు ప్లస్. ఆ నల్ల తెరలో ఒత్తులు విడిపోయి కనబడినా బెంగపడకండి, ఫైలులో అక్షరాలు బాగానే ఉంటాయి, వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్‌లో తెరిచి చూడండి.

రెండో రోజు బ్రాంచ్‌లు. ‘గిట్ స్విచ్’కు హైఫన్ సీ చేర్చి ‘అత్తయ్య’ అనే బ్రాంచ్ తెరవండి (పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే). అక్కడ మిరపకాయలు 25 చేసి కమిట్ చేయండి. మొదటి బ్రాంచ్ అయిన మెయిన్‌కు (కొన్ని లాప్‌టాప్‌లలో దాని పేరు మాస్టర్ అని ఉంటుంది) తిరిగొచ్చి ‘అమ్మ’ అని ఇంకోటి తెరిచి, అదే లైనులో 12 చేసి కమిట్ చేయండి. మెయిన్‌లోకి వచ్చి మొదట అత్తయ్యది మెర్జ్ చేయండి, సాఫీగా కలుస్తుంది. తర్వాత అమ్మది మెర్జ్ చేయండి. కాన్‌ఫ్లిక్ట్! ఫైలు తెరిస్తే ‘కంటే తక్కువ’ గుర్తులు ఏడు, కింద 25 ఉన్న లైను, తర్వాత సమాన గుర్తులు ఏడు, కింద 12 ఉన్న లైను, చివర ‘కంటే ఎక్కువ’ గుర్తులు ఏడు. గిట్ మీకేమీ చెడగొట్టలేదు. ఒకే లైనును ఇద్దరు రెండు రకాలుగా మార్చారు, ఏది ఉంచాలో నాకు తెలియదు, మీరే చెప్పండి అంటోంది. గుర్తులన్నీ చెరిపేసి, మీకు కావాల్సిన అంకె ఉంచి, యాడ్, కమిట్. ఆఫీసులో వచ్చే కాన్‌ఫ్లిక్ట్ కూడా అచ్చం ఇదే. మిరపకాయల బదులు ఫంక్షన్ ఉంటుంది, అంతే. ఈ తగాదా మీరు కావాలని నాలుగైదు సార్లు తెప్పించుకుని తీర్చండి. అసలుది వచ్చినప్పుడు చేయి వణకదు.

మూడోనాడు ఆఫీసు. అక్కడ మెయిన్ జోలికి వెళ్లక్కర్లేదు. పుల్ చేసి, ప్రతి పనికీ మీ సొంత బ్రాంచ్ తెరిచి, అక్కడే కమిట్లు చేసి, ఆ బ్రాంచ్‌నే పుష్ చేసి, పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు మెయిన్‌లో చేర్చండి అనే విన్నపం) పెట్టండి. మీ బ్రాంచ్‌లో మీరేం చేసినా పక్కవాళ్ల పనికి దెబ్బ తగలదు. పుల్ రిక్వెస్ట్ మీద మీ పేరుంటుంది, లీడ్‌ను రివ్యూయర్‌గా పెడితే ఆయనకు నోటీసు వెళ్తుంది. మొదటి రెండు సార్లు ఆ కుర్రాణ్ని పక్కన కూర్చోమనండి. కానీ కీబోర్డు మీ దగ్గరే ఉండాలి. “నువ్వు చూస్తూ ఉండు, తప్పు కొట్టబోతే ఆపు” అని ముందే చెప్పండి. సాయం చేసే అలవాటున్నవాళ్లకు చేతులు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం, చూస్తూనే లాగేసుకుంటారు. ‘గిట్ యాడ్’ పక్కన చుక్క పెడితే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వెళ్లిపోతాయి. పాస్‌వర్డ్‌లున్న ఫైలు కూడా వెళ్లగలదు. యాడ్‌కు ముందూ తర్వాతా స్టేటస్ చూడటం అలవాటు చేసుకోండి.

కమిట్ మెసేజ్ ఇంగ్లిష్‌లో రాయడానికి అరగంట పడుతుందన్నారు. యాడ్, ఫిక్స్, రిమూవ్, అప్‌డేట్, రీనేమ్. ఈ ఐదు క్రియలతో ఏడాది గడిచిపోతుంది. క్రియ, తర్వాత దేన్ని అనే మాట. ‘ఫిక్స్ లాగిన్ ఎర్రర్’. అక్కడ ఎవరూ వ్యాసం ఆశించరు. పచ్చడి దగ్గర మాత్రం తెలుగులోనే రాసుకోండి, గిట్‌కు ఏ భాషైనా ఒకటే.

రీడ్‌మీ విషయంలో మీరు పడ్డ అవమానానికి అది తగదు. అంత చిన్న విషయం. ఆ ఫైళ్లను మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో రాస్తారు. దాన్ని జాన్ గ్రూబర్ అనే ఆయన 2004లో బయటపెట్టారు. మామూలు అక్షరాలుగా చదివినా ఇబ్బంది లేకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే గుర్తులు చాలా తక్కువ. వర్డ్‌లో మీరు పెట్టిన బోల్డ్ లాంటివి అక్షరాల వెనక దాగి ఉంటాయి, అతికించినప్పుడు వెంట రావు. మార్క్‌డౌన్‌లో దాగేదేమీ లేదు. శీర్షికకు # పెట్టి, ఒక ఖాళీ వదిలి రాయాలి. ఆ ఖాళీ మరిస్తే గిట్‌హబ్‌లో శీర్షిక అవదు. బోల్డ్‌కు మాటకు రెండువైపులా రెండేసి నక్షత్రం గుర్తులు (*). జాబితాకు లైను మొదట్లో హైఫన్, ఖాళీ.

మీ మెట్లు ఎందుకు కలిసిపోయాయో చెబుతాను. మార్క్‌డౌన్ ఫైలులో ఒక్క ఎంటర్ కొడితే కొత్త లైను రాదు, రెండు లైన్లూ ఒకే పేరాలో కలుస్తాయి. మధ్యలో ఖాళీ లైను వదలాలి, లేదా 1, చుక్క, ఖాళీ అని నంబర్లు వేయాలి. ఇందులో చిరాకు పెట్టేదేమిటంటే, గిట్‌హబ్ కామెంట్ల పెట్టెలో ఒక్క ఎంటర్‌కే కొత్త లైను వస్తుంది, ఫైలులో రాదు. తెలిసినవాళ్లు కూడా తడబడతారు. ఇక మాయమైన అండర్‌స్కోర్లు. పైథాన్‌లో ఇనిట్ ఫైలు పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లుంటాయి కదా. మార్క్‌డౌన్‌లో మాట చుట్టూ రెండేసి అండర్‌స్కోర్లంటే బోల్డ్ అని అర్థం. గుర్తులు మింగేసి ‘ఇనిట్’ను లావు చేసింది. ఫైలు పేర్లు, కమాండ్లు ఎప్పుడూ బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టండి. ఎస్కేప్ కింద, 1 అంకెకు ఎడమపక్కన ఉండే మీట అది. లోపల ఏముంటే అది ఉన్నట్టే కనబడుతుంది. నాలుగైదు లైన్ల కమాండ్లయితే పైన మూడు, కింద మూడు బ్యాక్‌టిక్‌లు వేరే లైన్లలో పెట్టండి. ఇది ఒక్క సాయంత్రం పని. వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కితే ప్రివ్యూ వస్తుంది, ఎక్కించకముందే చూసుకోవచ్చు. ఇందాక చెప్పిన పట్టికను కూడా మార్క్‌డౌన్‌లోనే చేయండి, గడుల మధ్య నిలువు గీతలు, మొదటి వరుస కింద హైఫన్ల వరుస పెడితే సరి. లీడ్‌కు ఆ పేజీ చూపిస్తే రీడ్‌మీ స్క్రీన్‌షాట్‌కు వేరే జవాబు చెప్పక్కర్లేదు.

కోర్సు సంగతి. ఎదురుగా మనిషి కూర్చుని చెబితేనే ఎక్కుతుందనుకునేవాళ్లకు కోర్సు తప్పు కాదు. కానీ రెండు నెలల కోర్సులో గిట్ ఎన్ని రోజులుంటుందో అడిగి చూడండి. మీకు కావాల్సింది ఆ నాలుగు రోజులే అయితే 18,000 దేనికి? పైగా సాయంత్రం క్లాసు ముగించుకుని గుంటూరు చేరేసరికి ఎంతవుతుంది? ఆ భారం పడేది అత్తయ్యగారి మీద. అయినా చేరాలనుకుంటే వాళ్ల గిట్ నోట్స్ ఒకసారి చూపించమనండి. గిట్‌హబ్ ఖాతా పాస్‌వర్డ్‌తోనే పుష్ చేయమని అందులో ఉంటే ఆ నోట్స్ 2021 ఆగస్టు 13కు ముందువి. ఆ రోజు నుంచి పాస్‌వర్డ్ పనిచేయదు, టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ కావాలి. మెయిన్ బ్రాంచ్‌ను ఇంకా మాస్టర్ అనే పిలుస్తుంటే అవి పాతవి కావచ్చు, 2020 అక్టోబర్ నుంచి గిట్‌హబ్‌లో కొత్తవాటికి మెయిన్ అనే పేరే వస్తోంది. పాత నోట్స్‌కు కొత్త ఫీజు కట్టకండి. గిట్ సొంత వెబ్‌సైట్‌లోనే మొదటి నుంచి చివరిదాకా ఉచితంగా చదువుకునేంత సరుకుంది, కాకపోతే ఇంగ్లిష్‌లో.

మానేయడం మీ చేతిలో ఎప్పుడూ ఉంటుంది, ఇప్పుడు తొందరేమీ లేదు. ఇప్పుడు మానేస్తే తర్వాతి ఇంటర్వ్యూలో నాలుగు నెలలకు ఏం చూపిస్తారు? అక్కడా గిట్ అడుగుతారు. ఉండి పట్టిక ఇచ్చాక కూడా లీడ్ కన్ఫర్మ్ చేయకపోవచ్చు, ఆ అవకాశం లేదని నేను చెప్పలేను. అలాంటప్పుడు ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించమని అడగొచ్చు. చిన్న ఆఫీసులు చాలావరకు దీనికి ఒప్పుకుంటాయి, కొత్త మనిషిని వెతకడం కంటే వాళ్లకూ అదే సులువు. అదీ కుదరకపోతే ఒక్క జాగ్రత్త. సాక్ష్యం పేరుతో ఆఫీసు కోడ్ ఒక్క ఫైలు కూడా మీ సొంత గిట్‌హబ్ ఖాతాలోకి ఎక్కించకండి, అది వాళ్ల ఆస్తి, లేనిపోని చిక్కు. వాట్సాప్‌లో ఉన్న జిప్‌లకూ అదే వర్తిస్తుంది. చూపించుకోవడానికి ఏదైనా సొంత చిన్న ప్రోగ్రామ్ రాసి, దానికో మంచి రీడ్‌మీ పెట్టి, అది ఎక్కించండి. పచ్చడి కూడా పెట్టొచ్చు. అత్తయ్యగారిని ఒకసారి అడిగి.